మా బాబాయ్ రంగు కాగు నుంచి యూనివర్సిటీ క్లాస్‌రూమ్ దాకా: బట్ట చదువుగా మారిన కథ

ఈసారి స్లైడ్స్ లేవు, గ్రాఫిక్స్ లేవు. నా టేబుల్ మీద ఒక గుడ్డముక్క ఉంది, అంతే. కెమెరాకి దగ్గరగా పెడతాను, చూడండి. నూలు బట్ట, ఎరుపు పువ్వులు, నల్ల గీత. మాది పెడన. మచిలీపట్నం పక్కనే. ఈ ముక్క మా బాబాయ్ అచ్చు కొట్టింది. దీన్ని పట్టుకునే ఇవాళ మూడొందల ఏళ్లు తిరిగి రావాలి మనం.

ఎందుకంటే, పోయినసారి నేను ఫ్యాషన్ డిజైన్ చదివానని చెప్పాక చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "అక్కా, అది నిజంగా చదువేనా? ఇంట్లో అడిగితే కుట్టుమిషన్ కొనిస్తాం, డిగ్రీ ఎందుకు అంటున్నారు" అని. మా ఇంట్లోనూ సరిగ్గా అదే అన్నారు. పైగా మాకు ఇంకో మాట అదనం. "తాతల నాటి పని, వీధిలో ఎవర్ని అడిగినా చెప్తారు, దానికి లక్షలు పోసి హైదరాబాద్ వెళ్లాలా?" అని. ఈ రెండో ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. మా వీధిలో ఉన్న చదువు, నేను ఫీజు కట్టి కొనుక్కోవాల్సిన చదువుగా ఎప్పుడు మారింది? ఎవరు మార్చారు?

ముందు ఒక చిన్న విషయం. సెకండియర్‌లో టెక్స్‌టైల్స్ చరిత్ర క్లాస్. తెర మీద ఒక ఫ్రెంచ్ బట్ట బొమ్మ. మేడమ్ అడిగారు, "మోర్డెంట్ అంటే ఏమిటి, ఎవరైనా చెప్తారా?" నేను తల వంచుకుని కూర్చున్నాను. ఢిల్లీ నుంచి వచ్చిన అమ్మాయి గడగడా చెప్పేసింది. అది విన్నాక నాకు తల తిరిగింది. ఆ అమ్మాయి చెప్తున్నది పటిక గురించి! ఎనిమిదేళ్ల వయసు నుంచి సెలవుల్లో నేను గిన్నెలో కలుపుతూ పెరిగిన పటిక నీళ్లు. పని తెలుసు, పేరు తెలీదు. మార్కులు పేరుకే వేస్తారు కదా.

సరే, ఆ పటిక సంగతి ఒకసారి అర్థం చేసుకుందాం, మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది.

నూలుకి రంగు పట్టడం అంత తేలిక కాదు. మామూలుగా ఎర్ర రంగులో ముంచితే ఎక్కినట్టే ఎక్కి ఉతుకులో పోతుంది. మనవాళ్లు ఏం చేశారంటే, బట్టని మొదట కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరబెట్టారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవంతో గీత గీస్తే, ఆ కరక్కాయ తగిలిన చోట నల్లగా తిరుగుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు ఉండదు, గమనించండి. తర్వాత బట్ట మొత్తాన్ని చిరివేరు వేసిన కాగులో ఉడికిస్తారు. పటిక ఉన్న చోట ఎరుపు పట్టుకుని కూర్చుంటుంది. లేని చోట పట్టిన కాస్త రంగూ పారే నీళ్లలో ఉతికి, ఎండలో పరిస్తే పోతుంది. అంటే బొమ్మని రంగుతో వేయడం లేదు, రంగుని పట్టుకునేదానితో వేస్తున్నారు. ఇది కెమిస్ట్రీ కాకపోతే ఇంకేమిటి? కాకపోతే లెక్కలు ల్యాబ్ పుస్తకంలో లేవు, నాలుక మీద, ముక్కు మీద ఉన్నాయి. ఇనుప నీళ్లు సిద్ధమయ్యాయా లేదా అని మా తాత వాసన చూసి చెప్పేవాడు.

ఈ బట్టే మచిలీపట్నం రేవు నుంచి ప్రపంచానికి వెళ్లింది. డచ్ వాళ్లు 1605లో, ఇంగ్లీష్ కంపెనీ 1611లో బందరులో వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. గోల్కొండ సుల్తానుల కాలం అది. మొదట్లో వాళ్లకి ఈ బట్ట మసాలా దినుసులు కొనడానికి మారకం సరుకు. ఇండోనేషియా దీవుల్లో లవంగాలు, జాజికాయ కావాలంటే అక్కడివాళ్లు వెండి కంటే మన బట్టని ఇష్టంగా తీసుకునేవాళ్లు. కొంతకాలానికి ఆ సరుకు లండన్, పారిస్ ఇళ్లలోకి చేరింది. ఉతికినా పోని రంగుని యూరప్ జనం అంతకు ముందు నూలు మీద ఎరగరు. పిచ్చెక్కిపోయారు. మంచం తెరలు, గౌన్లు, గోడలకి వేలాడదీసే గుడ్డలు, అన్నీ ఇవే. ఇంగ్లీషువాళ్లు చింట్జ్ అన్నారు, ఫ్రెంచివాళ్లు "ఆండియెన్" అన్నారు. అంటే ఇండియాది అని. పేరులోనే మనం ఉన్నాం.

మరి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు ఊరుకుంటారా? 1686లో ఫ్రాన్స్ ఈ బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండ్ 1701 నుంచి దిగుమతి ఆపింది, 1721లో వాడకం మీదే చట్టం చేసింది. 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లో కాలికో గౌను వేసుకున్న ఆడవాళ్లని పట్టుకుని, బట్టలు చించారు, సిరా, యాసిడ్ చల్లారు. ఒక గుడ్డ కోసం. వాళ్ల ఆకలి నాకు అర్థమవుతుంది, మా వీధిలోనూ పవర్‌లూమ్ వచ్చాక ఖాళీ అయిన మగ్గాలు చూశాను. కానీ కోపం ఎప్పుడూ కట్టుకున్నదాని మీదకే ఎందుకు వెళ్తుందో తెలీదు.

నిషేధం పెట్టినా ఆశ చావలేదు. బట్టని ఆపితే సరిపోదు, విద్యని తెచ్చుకోవాలి అనుకున్నారు. ఇక్కడి నుంచి కథ గూఢచారి సినిమాలా ఉంటుంది.

1730ల్లో ఆంటోయిన్ ద బొల్యూ అనే ఫ్రెంచ్ నౌకాదళ అధికారి పుదుచ్చేరిలో ఒక పనివాడి పక్కన నిలబడి, ఒక్కో దశ అయ్యాక ఆ బట్టలోంచి ముక్క కత్తిరించి కాగితానికి అంటించి పక్కన వివరం రాసుకున్నాడు. కరక్కాయ నీళ్లయ్యాక ఒక ముక్క, నలుపు గీత పడ్డాక ఒక ముక్క, ఎరుపు ఎక్కాక ఒక ముక్క. ఆ రాతప్రతి ఇప్పటికీ పారిస్‌లో ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. డిజైన్ కాలేజీలో చదివేవాళ్లకి ఇది చూడగానే ఏం గుర్తొస్తుంది? స్వాచ్ ఫైల్! ఫస్టియర్‌లో మా చేత చేయించిన మొదటి పని అదే.

రెండో మనిషి ఇంకా ఆసక్తికరం. గాస్తోన్ లోరాన్ కోర్దూ. జెస్యూట్ ఫాదరీ. 1742లో ఇక్కడి నుంచి ఫ్రాన్స్‌కి ఒక పొడుగాటి ఉత్తరం రాశాడు. అందులో బట్టకి బొమ్మ వేసే పద్ధతి మొదటి నుంచి చివరిదాకా ఉంది. కరక్కాయ, గేదె పాలు, ఎంతసేపు నానబెట్టాలి, ఎలా బాదాలి, మైనం ఎప్పుడు వాడాలి, నీలి ఎప్పుడు, ఎరుపు ఎప్పుడు, అన్నీ. ఎవరు చెప్పారు ఆయనకి? ఆయనే రాసుకున్నాడు, తన దగ్గర కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఈ పని తెలిసినవాళ్లు ఉన్నారని, వాళ్లని అడిగి తెలుసుకున్నానని. ఆ ఉత్తరం ఫ్రాన్స్‌లో అచ్చయింది, చదువుకున్నవాళ్లందరికీ చేరింది. చెప్పినవాళ్ల పేరు ఒక్కటి కూడా అందులో లేదు.

ఆగండి, ఆయన్ని వెంటనే విలన్‌ని చేసేయకండి. ఇదే కోర్దూ తెలుగు, సంస్కృతం బాగా నేర్చుకుని తెలుగు–ఫ్రెంచ్–సంస్కృత నిఘంటువు తయారుచేసినవాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకీ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకి రాశాడు. మన పుస్తకాల్లో ఆ ఘనత 1786లో విలియం జోన్స్‌కి వేస్తాం, ఈయన అంతకంటే ముందు. మన భాషని ప్రేమించిన మనిషే మన రంగుని మోసుకెళ్లాడు. రెండూ నిజమే. ఈ మనిషి దగ్గరికి మళ్లీ వస్తాను, ఆయనకీ నాకూ ఒక లెక్క ఉంది.

తర్వాత చకచకా జరిగిపోయింది. 1746లో ములూజ్ అనే ఊళ్లో, అప్పటికది ఫ్రాన్స్‌లో భాగం కాదు, మొదటి ప్రింటింగ్ కార్ఖానా పెట్టారు. 1759లో ఫ్రాన్స్ నిషేధం ఎత్తేసింది. 1760లో పారిస్ దగ్గర జూయి అనే ఊళ్లో ఓబెర్‌కాంఫ్ మొదలుపెట్టాడు. మేడమ్ ఆరోజు చూపించిన ఫ్రెంచ్ బట్ట అక్కడిదే, త్వాల్ ద జూయి. అసలు విషయం ఇప్పుడు వినండి. ములూజ్ కార్ఖానాల వాళ్లకి రంగు తెలిసిన మనుషులు కావాలి. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునేంత టైమ్ లేదు, అలాంటి తండ్రులూ లేరు. అందుకని 1822లో కెమిస్ట్రీ స్కూల్ పెట్టుకున్నారు. బట్ట మీద రంగు కోసం పుట్టిన చదువు. మా వీధిలో ఇంట్లో దొరికేది, అక్కడ ఇంట్లో లేదు కాబట్టే బడి కట్టారు. ఇది నాకు అర్థమైన రోజు నా రెండో ప్రశ్నకి సగం జవాబు దొరికింది.

లండన్‌లో ఇంకో దారి. అక్కడి మిల్లులు బట్టని కుప్పలు కుప్పలుగా తీస్తున్నాయి కానీ డిజైన్ అంటే ఫ్రెంచివాళ్లదే అని పేరు. పార్లమెంట్ కమిటీ వేసి విచారించి, 1837లో ప్రభుత్వం డిజైన్ స్కూల్ మొదలుపెట్టింది. అదే పెరిగి పెరిగి ఇవాళ్టి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అయింది. మాంచెస్టర్ కూడా మరుసటి ఏడాదే సొంత స్కూల్ పెట్టుకుంది. ఫ్యాషన్ చదువు అంటే ర్యాంప్ వాక్ గుర్తొస్తుంది కదా మీకు? పుట్టింది మాత్రం వ్యాపారంలో ఓడిపోతామన్న భయంలోంచి.

1856. పద్దెనిమిదేళ్ల స్టూడెంట్. విలియం పెర్కిన్ పేరు. ఈస్టర్ సెలవులకి ఇంటికి వచ్చి, మలేరియా మందు క్వినైన్‌ని తారు పదార్థాల నుంచి తయారు చేద్దామని తన గది ల్యాబ్‌లో కుస్తీ పడ్డాడు. మందు రాలేదు. నల్లటి మడ్డి వచ్చింది. స్పిరిట్‌తో కడిగితే ఊదా రంగు. పట్టుగుడ్డ ముంచి చూస్తే పట్టుకుంది. మోవ్ అని పేరు. ఆ ఏడాదే పేటెంట్ తీసుకున్నాడు, చదువు మానేసి ఫ్యాక్టరీ పెట్టాడు. ప్రొఫెసర్‌కి అస్సలు నచ్చలేదంట. మీలో బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు దీన్ని ఇంట్లో చెప్పడానికి వాడుకోవద్దు, పని చేయదు, నేను ట్రై చేశాను.

పెర్కిన్ కథ అందరూ చెప్తారు. దాని తర్వాతది తక్కువమంది చెప్తారు. పదమూడేళ్లకి, 1869లో, మంజిష్ఠ జాతి వేళ్లలో ఉండే ఎరుపు పదార్థం అలిజరిన్‌ని ల్యాబ్‌లో చేసే పద్ధతికి పేటెంట్లు వచ్చాయి. మన చిరివేరులోనూ రంగునిచ్చేది ముఖ్యంగా అదే. ఇసుక నేలల్లో వేరు తవ్వి, ఎండబెట్టి, దంచి, అమ్మే బతుకులు మెల్లగా పోయాయి. సామర్లకోటలో ఉండి మన మొక్కల మీద పని చేసిన విలియం రాక్స్‌బర్గ్ తన కోరమాండల్ మొక్కల పుస్తకంలో చిరివేరుకి బొమ్మ వేయించి మరీ వివరం రాశాడు. ఇవాళ పెడనలో కూడా ఎక్కువమంది డబ్బాలో వచ్చే అలిజరిన్‌తోనే ఎరుపు ఉడికిస్తారు. నా చేతిలో ఉన్న ఈ ముక్కా అంతే. సహజ రంగు అని మేం అమ్మేదాంట్లో కూడా ఆ సంగతి ఉంది, దాచడం నాకు ఇష్టం లేదు. 1897లో జర్మన్ కంపెనీ బిఎఎస్ఎఫ్ సింథటిక్ నీలిని మార్కెట్‌లోకి తెచ్చింది. నీలిమందు కథ అలా ముగిసింది. నీలి తోటల్లో రైతుల మీద జరిగిన దౌర్జన్యం కూడా ఉంది కాబట్టి ఆ ముగింపుకి ఎంత ఏడవాలో నాకు తెలీదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించే పుస్తకం. పుస్తకం కాదు, పెట్టె.

జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అని లండన్‌లో ఇండియా మ్యూజియం చూసే అధికారి. 1866లో ఆయన ఒక పని చేశాడు. మ్యూజియంలో ఉన్న మన దేశపు బట్టల్ని కత్తిరించి, 18 సంపుటాల్లో 700 శాంపిల్స్ అంటించాడు. ఒక్క సెట్ కాదు, 20 సెట్లు. ఒక్కో ముక్క కింద పొడవు, వెడల్పు, బరువు, ఎక్కడిది, ఎంత ధర, ఎవరు ఎలా కట్టుకుంటారు అని రాశాడు. ఎందుకు? దాచుకోలేదు ఆయన. బ్రిటన్ మిల్లుల వాళ్లు ఇండియా వాళ్లకి నచ్చే బట్ట నేసి ఇండియాకే అమ్మాలి, దానికి ముందు ఇండియా ఏం కడుతుందో తెలియాలి. 13 సెట్లు బ్రిటన్‌లో పంచారు, 7 ఇండియాకి పంపారు. మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లు ఊళ్లలో కుర్రాళ్లు వాటిని తిరగేసి నేర్చుకున్నారు.

ఆ శాంపిల్ పుస్తకాల ఫోటోలు చూస్తే మాత్రం, కోపంతో పాటు ఇంకోటి కూడా వస్తుంది. ఎంత బాగా చేశాడో! తలపాగాలు ఒకచోట, పంచెలు ఒకచోట, చీరలు ఒకచోట. కుట్టని బట్టే ఇక్కడ అసలు డ్రెస్ అని ఆయనకి స్పష్టంగా అర్థమైంది. మా కోర్సులో "మార్కెట్ రీసెర్చ్" అని ఒక పేపర్ ఉంటుంది. నా దృష్టిలో ఇంత శ్రద్ధగా చేసిన మార్కెట్ రీసెర్చ్ ఇంకోటి లేదు. మన మీద చేశారు, అంతే తేడా.

యూనివర్సిటీల్లోకి బట్ట ఎలా వచ్చిందో త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లండ్ లీడ్స్‌లో 1874లో యార్క్‌షైర్ కాలేజ్ పెట్టినప్పుడు బట్టల వ్యాపారుల సంఘం డబ్బు ఇచ్చింది, టెక్స్‌టైల్స్ మొదటి నుంచీ అక్కడ సబ్జెక్ట్. 1904లో అదే లీడ్స్ యూనివర్సిటీ అయింది. మీరు "బట్టల చదువులో సైన్స్ ఏముంది" అని అడిగేవాళ్లకి చెప్పడానికి ఒకటి ఇస్తాను, దాచుకోండి. 1928లో విలియం ఆస్ట్‌బరీ అనే ఆయన అక్కడికి వచ్చింది ఉన్ని దారాన్ని ఎక్స్‌రేలతో పరిశీలించడానికి. ఉన్ని నుంచి మెల్లగా మిగతా జీవపదార్థాల పోగుల మీదకి వెళ్లారు. 1938లో ఆయన ల్యాబ్‌లో ఫ్లోరెన్స్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని డీఎన్ఏకి ఎక్స్‌రే ఫోటో తీసింది. వాట్సన్, క్రిక్ పేర్లు రావడానికి పదిహేనేళ్ల ముందు. ఉన్ని గొర్రె దగ్గర మొదలై డీఎన్ఏ దగ్గర తేలింది దారం.

ఇంకోటి. మీరు ఇప్పుడు వేసుకున్న టీషర్ట్‌లో పాలిస్టర్ ఉండే ఛాన్స్ ఎక్కువ. ఆ పాలిస్టర్ దారాన్ని 1941లో కనిపెట్టిన ఇద్దరూ, విన్‌ఫీల్డ్, డిక్సన్, పని చేసింది మాంచెస్టర్ కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో. కాలికో అంటే కాలికట్. మన రేవు పేరు పెట్టుకున్న కంపెనీలోంచి, మన నూలుని పక్కకి నెట్టే దారం పుట్టింది.

మన దేశంలో? బొంబాయిలో 1887లో వచ్చిన విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ మిల్లులకి మనుషుల్ని తయారుచేసింది. మన పింగళి వెంకయ్య, అవును జెండా వెంకయ్యే, కంబోడియా పత్తి మీద పరిశోధన చేసి "పత్తి వెంకయ్య" అని పిలిపించుకున్నాడు, ఆయన ఊరు భట్లపెనుమర్రు మాకు దూరమేం కాదు. స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ ప్రభుత్వం అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతుల్ని పిలిచింది. 1958లో వాళ్లిచ్చిన రిపోర్ట్ మన చెంబు గురించి మాట్లాడుతుంది. మామూలు ఇత్తడి చెంబు. ఇంత మంచి వస్తువుని ఎవరో ఒక్కరు డిజైన్ చేయలేదు, తరాలు చేశాయి, మీరు నేర్చుకోవాల్సింది దాని దగ్గర అన్నారు. ఆ రిపోర్ట్ తర్వాత 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ వచ్చింది. 1986లో ఢిల్లీలో నిఫ్ట్. ఎందుకు 1986? రెడీమేడ్ బట్టల ఎగుమతులు పెరుగుతున్నాయి, డిజైన్ తెలిసిన మనుషులు లేరు. మళ్లీ అదే కారణం చూశారా, 1837 లండన్ లాగే! 1995లో హైదరాబాద్‌కీ నిఫ్ట్ వచ్చింది, మాదాపూర్‌లో.

ఇదే దేశంలో ఇంకో రకం బడి కూడా నడిచింది. 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో కలంకారీ దాదాపు ఆగిపోయే స్థితికి వస్తే, కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ పాఠం చెప్పింది ఎవరు? జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు, కలం పట్టిన మనిషి. ఫారిన్ నుంచి డిగ్రీ తెచ్చుకున్నవాళ్లు కాదు. 2005లో కచ్‌లో మొదలైన కళారక్ష విద్యాలయ కూడా ఇదే దారి, చేతిపని వాళ్లకే డిజైన్ కోర్సు. నా మటుకు నేను ఈ వరసని పెద్ద కాలేజీల కంటే ఒక మెట్టు పైన పెడతాను. నా డిగ్రీ మీద నాకు గౌరవం ఉన్నా సరే.

ఇన్నోవేషన్ అనే మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. మా కాలేజీ గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండేది. కానీ నేను చూసిన అసలైన టెక్స్‌టైల్ ఇన్నోవేషన్ ఆరో తరగతితో చదువు ఆపేసిన మనిషిది. చింతకింది మల్లేశం గారు. పోచంపల్లి చీరకి నేసే ముందు ఆసు పోయాలి. దారాన్ని ఒక మేకు నుంచి ఎదురుగా ఉన్న మేకుల వరసకి, మళ్లీ వెనక్కి, చేత్తో వేల సార్లు. ఒక చీరకి నాలుగైదు గంటలు. వాళ్ల అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి అప్పులు చేసి, ఊరివాళ్ల మాటలు పడి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. గంటన్నరలో ఒక చీర. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. నేను థియేటర్లో ఏడ్చాను, సినిమా కోసం కాదు. మా పిన్ని భుజం గుర్తొచ్చి.

ఇక కోర్దూకీ నాకూ ఉన్న లెక్క.

మా కోర్సులో క్రాఫ్ట్ డాక్యుమెంటేషన్ అని ఉంటుంది. బ్యాచ్ అంతా ఒక ఊరికి వెళ్లి, అక్కడి పనిని ఫోటోలు తీసి, అడిగి, రాసి, పుస్తకం చేయాలి. మా గ్రూప్‌కి వచ్చిన ఊరు పెడన. అందరూ సంతోషపడ్డారు, "నీ ఊరే కదా, ఈజీ" అని. నేను వాళ్లని మా బాబాయ్ షెడ్‌కే తీసుకెళ్లాను. రెండు వారాలు ఆయన పని ఆపి చెప్పాడు. పటిక ఎంత, గంజి ఎంత, కాగు కింద మంట ఎప్పుడు తగ్గించాలి, కాలవలో నీళ్లు ఏ నెలలో బాగుంటాయి. బయటవాళ్లు ఎవరడిగినా చెప్పని కొన్ని సంగతులు కూడా చెప్పాడు, నేను ఉన్నాను కాబట్టి. పిన్ని రోజూ ఆరుగురికి వండింది.

రిపోర్ట్ మీద మా ఆరుగురి పేర్లు వచ్చాయి. లోపల చివరి పేజీలో "స్థానిక కళాకారుడికి కృతజ్ఞతలు" అని ఒక్క లైన్. ఆ లైన్ రాసింది ఎవరో కాదు, నేనే. ఫార్మాట్ అలాగే ఉంది, గైడ్ ఓకే అన్నారు, నాకు ఆ రోజు తప్పుగా అనిపించలేదు కూడా. మంచి గ్రేడ్ వచ్చింది. ఆ తర్వాత సెమిస్టర్‌లో కోర్దూ ఉత్తరం గురించి చదివాను. చెప్పినవాళ్ల పేర్లు లేవు అని రాసి ఉన్న చోట పెన్సిల్‌తో గీత గీసుకున్నాను, కోపంగా. గీశాక ఒక నిమిషం పట్టింది నాకు వెలగడానికి.

ఆయన కనీసం పరాయివాడు. నేను ఆయన అన్న కూతుర్ని.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు బాబాయ్‌కి ఆ ఉత్తరంలో సంగతులు తెలుగులో చెప్పాను. షెడ్ బయట, అరుగు మీద. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు:

"పాల సంగతి కూడా రాశాడా అమ్మాయ్?"

"రాశాడు బాబాయ్. గేదె పాలనే రాశాడు."

"అయితే ఎవడో బాగా తెలిసినోడే చెప్పాడు. కలంతో గీసేటప్పుడు పాలు లేకపోతే రంగు పాకిపోద్ది. ఎవరంట అతను?"

"పేరు రాయలేదు."

"ఓహో" అన్నాడు. అంతే. కాగు కింద కట్టె సర్దడానికి లేచాడు.

మీ ప్రశ్నకి జవాబు ఇప్పుడు చెప్తాను, మీరు అడిగారు కాబట్టి. అది చదువే. నాలుగేళ్లలో పోగు, నేత, రంగు కెమిస్ట్రీ, కటింగ్, కంప్యూటర్ మీద డిజైన్, ఖర్చు లెక్క, అమ్మకం అన్నీ నేర్పుతారు. ఇంటర్‌లో ఎంపీసీ అయితే ఫ్యాషన్ టెక్నాలజీ వైపు కూడా వెళ్లొచ్చు. నేతలోకే లోతుగా వెళ్లాలంటే వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరు మీద చేనేత టెక్నాలజీ సంస్థ ఉంది, మూడేళ్ల డిప్లొమా. చాలామందికి అది ఉందనే తెలీదు. చేనేత ఇళ్ల పిల్లలైతే ముందు అక్కడ కనుక్కోండి. ఆ కోర్సు నాకు లేటుగా తెలిసింది, లేకపోతే అదే మొదటి ఆప్షన్ పెట్టేదాన్ని.

"మీ బాబాయ్‌కి తెలిసినదానికంటే ఎక్కువ నీకేం నేర్పారు?" అని కూడా అడగొచ్చు. రంగులో? ఏమీ లేదు. ఇప్పటికీ ఎరుపు తేడా పడితే ఫోన్ చేసి ఆయన్నే అడుగుతాను. కానీ ఆయనకి 1742 తెలీదు, 1866 తెలీదు. తన డిజైన్‌ని స్క్రీన్ ప్రింట్ చేసి నాలుగో వంతు ధరకి అమ్మేవాళ్ల మీద ఏ కాగితం పట్టుకుని మాట్లాడాలో తెలీదు. మచిలీపట్నం కలంకారీకి 2008లో జీఐ గుర్తింపు వచ్చిందని తెలుసు, దాన్ని ఎలా వాడాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ కాగితాల పని ఇప్పుడు నాది. నెమ్మదిగా సాగుతోంది, చాలా నెమ్మదిగా.

రిపోర్ట్ సంగతి కూడా చెప్పేసి ముగిస్తాను. కాలేజీకి మెయిల్ పెట్టాను, లైబ్రరీ కాపీలో కవర్ మార్చమని. సబ్మిట్ చేసినది మార్చడం కుదరదన్నారు. మిగతా ఐదుగురితో మాట్లాడాను, నలుగురు వెంటనే సరే అన్నారు, ఒకరు ఆలోచించి సరే అన్నారు. మా డబ్బులతో మేమే కొత్తగా పది కాపీలు వేయించాం. కవర్ మీద మొదటి పేరు బాబాయ్‌ది, రెండోది పిన్నిది, అచ్చుల మీద గంజి పలచన చూసేది ఆవిడే కాబట్టి. తర్వాత మా ఆరుగురివి.

మొదటి కాపీ తీసుకెళ్లి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని కవర్ చూశాడు, పేరు మీద వేలు పెట్టి ఒకసారి చదివాడు, ఏమీ అనలేదు. లోపల పేజీలు తిప్పుతూ తిప్పుతూ తన బట్ట ఫోటో ఉన్న పేజీ దగ్గర ఆగాడు. వెలుతురులోకి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూసి అన్నాడు,

"అమ్మాయ్, ఈ ప్రింటులో ఎరుపు తప్పు పడింది. మన ఎరుపు ఇది కాదు. మళ్లీ వేయించు."

వేయిస్తున్నాం అండి. వచ్చే వారం ప్రెస్‌కి వెళ్తుంది. ఉంటాను మరి.